అల్యూమినియం పెట్టె, రాగి తీగ, ఉప్పుగాలి: ఎలక్ట్రానిక్ పరికరాల్లో జంటలోహాల తుప్పును ఆపడం

సముద్రపు ఒడ్డునో, రొయ్యల చెరువు గట్టునో, డాబా మీదో బిగించిన ఎలక్ట్రానిక్ పెట్టె మొరాయిస్తే అందరి చూపూ ముందు బోర్డు మీదికే పోతుంది. బోర్డు మారుస్తారు, కొన్నాళ్లు పనిచేస్తుంది, మళ్లీ అదే వరస. ఎర్తింగ్ బోల్టు విప్పి చూస్తే లగ్గు, అంటే తీగ చివర ఉండే రంధ్రపు లోహపు బిళ్ల, కింద తెల్లపొడి పేరుకుని ఉంటుంది. బయటికి బిగువుగా కనిపించే ఆ జాయింటులో కరెంటుకు దారే ఉండదు. రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ తడిస్తే జరిగేది ఇదే. దీన్నే గాల్వానిక్ తుప్పు అంటారు.

ఏ లోహానికి ఏది జతపడుతుంది, పడని జత తప్పనప్పుడు ఎలా బిగించాలి, బిగించాక ఎలా కొలవాలి, పాడైనదాన్ని ఎలా బాగుచేయాలి అన్నవి ఇక్కడ చెబుతున్నాం. సీసీ కెమెరా డబ్బా, సోలార్ ఇన్వర్టర్, ఏరేటర్ ప్యానెల్ బోర్డు, టవర్ మీది రేడియో యూనిట్, అన్నిటికీ లెక్క ఒకటే.

తుప్పుకు కావలసినవి నాలుగు

కరిగే లోహం, నిలిచే లోహం, ఆ రెంటినీ కలిపే లోహపు దారి, రెంటినీ ఒకేసారి తడిపే నీటిపొర. ఈ నాలుగూ కుదిరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. కరిగేదాన్ని ఆనోడ్ అనీ, నిలిచేదాన్ని కాథోడ్ అనీ అంటారు. నాలుగింటిలో ఒక్కదాన్ని తప్పించినా తుప్పు ఆగుతుంది.

కరెంటు కొంచెమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఒక్క మిల్లీఆంపియరు ఏడాదిపాటు ఆగకుండా పారితే దాదాపు 9 గ్రాముల ఇనుము కరుగుతుంది. అంటే ఏడెనిమిది ఎం5 నట్ల బరువు. జింకైతే 10 గ్రాములు దాటుతుంది. అల్యూమినియం 3 గ్రాముల లోపే పోతుంది కానీ, అది ఒళ్లంతా సమానంగా అరగదు. ఒకేచోట గుంట పడి లోపలికి తొలుచుకుపోతుంది. పెట్టెకు చిల్లు పడటానికి ఆ మాత్రం చాలు.

నీటిపొర అంటే వాన అనుకోవద్దు, ఉప్పుధూళి చాలు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోంచే నీటిని లాక్కుని ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమే ఎక్కువ. అందుకే విశాఖలోనో కాకినాడలోనో ఒకసారి ఉప్పు పట్టిన జాయింటు వాన లేని రోజుల్లో కూడా లోలోపల చెమ్మగానే ఉంటుంది. అదే జాయింటు హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఉంటే ఏళ్ల తరబడి ఏమీ కాదు. కాబట్టి డిజైన్ మొదలుపెట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ లోహమని కాదు, ఎక్కడ పెడతారని.

లోహాల వరస, దాన్ని వాడే తీరు

బంగారాన్ని సున్నాగా పెట్టుకుని మిగతా లోహాలకు వోల్టుల్లో అంకెలిచ్చే పట్టిక ఒకటి ఈ రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉంది. అంకె పెద్దదైన కొద్దీ ఆ లోహం తేలిగ్గా కరుగుతుంది.

బంగారం 0.00
వెండి 0.15
నికెల్ 0.30
రాగి 0.35
ఇత్తడి 0.40 నుంచి 0.45
304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ 0.50
తగరం పూత, తగరం–సీసం సోల్డర్ 0.65
ఇనుము, మామూలు ఉక్కు 0.85
అల్యూమినియం రేకు, సెక్షన్ 0.90
పోత అల్యూమినియం 0.95
జింక్ పూత, జీఐ 1.20
మెగ్నీషియం 1.75

జతపరిచే రెండు లోహాల అంకెల తేడా చూడండి. ఉప్పుగాలి, వాన, ఆరుబయట ఉండే పరికరానికి తేడా 0.15 వోల్టులు దాటకూడదు. గోదాము, షెడ్డు లాంటి చోట్ల 0.25 వరకు పరవాలేదు. ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉండే గదిలో 0.50 దాకా ఒప్పుకుంటారు.

పోత అల్యూమినియం పెట్టెకు ఉత్త రాగి లగ్గు బిగిస్తే తేడా 0.60. ఏసీ గదిలో కూడా ఒప్పుకోని జత అది. అదే లగ్గుకు కళాయి ఉంటే, అంటే బజారులో టిన్‌డ్ లగ్గు అని అడిగేది తెస్తే, తేడా 0.30కి దిగుతుంది. గదిలో నిక్షేపంగా సరిపోతుంది. ఆరుబయటైతే దానికి పేస్టు, పూత తోడు కావాలి.

పట్టికను గుడ్డిగా నమ్మేవాళ్లకు ఇక్కడే చిక్కొస్తుంది. అల్యూమినియం రేకుకూ స్టెయిన్‌లెస్ స్క్రూకూ తేడా 0.40 ఉంది. లెక్క ప్రకారం ఆరుబయట వాడకూడదు. అయినా ప్రతి పెట్టెకూ అవే స్క్రూలు, చాలావాటికి ఏమీ కాదు. పట్టిక చెప్పేది ఎవరు కరుగుతారన్నదే, ఎంత వేగంగా కరుగుతారన్నది కాదు. స్టెయిన్‌లెస్ మీద ఉండే సన్నని ఆక్సైడ్ పొర కాథోడ్ పనిని మందగింపజేస్తుంది, రాగికి ఆ గుణం లేదు. పైగా స్క్రూ చిన్నది, రేకు పెద్దది. ఈ రెండో కారణం తుప్పు వేగాన్ని వోల్టుల కంటే ఎక్కువగా మారుస్తుంది.

కరిగేది పెద్దగా, నిలిచేది చిన్నగా

కాథోడ్ ఎంత విశాలంగా ఉంటే అంత కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా చిన్న ఆనోడ్ మీద పడితే అది కొద్దికాలంలోనే అయిపోతుంది. పెద్ద అల్యూమినియం తలుపుకు నాలుగు స్టెయిన్‌లెస్ స్క్రూలు పెడితే నష్టం పెద్ద వైశాల్యం మీద పంచుకుపోతుంది. తిరగేసి, స్టెయిన్‌లెస్ తలుపుకు అల్యూమినియం పాప్ రివెట్లు కొడితే సముద్రం దగ్గర రివెట్ తలలు రాలిపోతాయి. స్క్రూ, రివెట్, వాషరు, స్ప్రింగ్ లాంటి చిన్న సామాను ఎప్పుడూ అవి పట్టుకున్న లోహం కంటే పట్టికలో పైనున్నదై ఉండాలి.

పెయింటు విషయంలో చాలామంది తిరగేసి చేసే పని కూడా దీనివల్లే నష్టం తెస్తుంది. తుప్పు పడుతున్నది అల్యూమినియం కదా అని దానికే పెయింటు వేసి, రాగినో స్టెయిన్‌లెస్‌నో ఉత్తగా వదిలేస్తారు. ఆ పెయింటులో ఎక్కడో ఒక సూదిమొనంత లోపం ఉంటుంది. మొత్తం కాథోడ్ లాగే కరెంటంతా ఆ ఒక్క చుక్కలోంచే పోయి లోతైన గుంట తవ్వుతుంది. పెయింటు లేకుండా ఉంటేనే నయం. రెంటికీ వేయడం మంచిది. ఒక్కదానికే వీలైతే నిలిచే లోహానికి, అంటే రాగికి, స్టెయిన్‌లెస్‌కు వేయండి.

ఇన్సులేషన్ మాటకొస్తే, దాని విలువ బయటపడి రెండున్నర శతాబ్దాలు దాటింది. 1761లో ఇంగ్లండ్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకు రాగిరేకు తొడిగింది. రెండేళ్ల తర్వాత చూస్తే రాగిని తాకిన ఇనుప మేకులు తినేసినట్టయ్యాయి. రాగిరేకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం మేకు తల కింద ఇరుక్కుని మిగిలిన చోట మాత్రం ఇనుము బాగానే ఉంది. ఇవాళ మనం పెట్టే నైలాన్ వాషరు చేసేదీ అదే. ఎర్త్ కనెక్షన్ అక్కర్లేని ప్రతి బిగింపులోనూ, అంటే నేమ్‌ప్లేటు, బ్రాకెట్టు, గొళ్లెం లాంటివాటికి, నైలాన్ వాషరూ స్క్రూ మెడకు నైలాన్ బుష్షూ రెండూ పెట్టండి. వాషరు ఒక్కటే పెడితే స్క్రూ మర రంధ్రం అంచును తాకి దారి ఇచ్చేస్తుంది.

చేతిలో ఉన్నది ఏ లోహమో తెలియనప్పుడు

లగ్గు తెల్లగా మెరుస్తుంటే అది కళాయి పూసిన రాగా, నికెలా, ఉత్త అల్యూమినియమా? అంగట్లో చెప్పినమాట మీద ఆధారపడక్కర్లేదు. లీటరు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు కరిగించండి. ఒక శుభ్రమైన రాగి ముక్కనూ, తెలియని ముక్కనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, తాకకుండా ముంచండి. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర తీగ రాగికి, నల్ల తీగ రెండోదానికి పట్టించండి. క్లిప్పులు నీళ్లను తాకకూడదు. రెండు మూడు నిమిషాలు ఆగితే అంకె నిలబడుతుంది. జింక్ పూత అయితే 0.8 చుట్టుపక్కల, అల్యూమినియమైతే 0.5 దరిదాపుల్లో, ఇనుమైతే 0.4 ప్రాంతంలో, తగరమైతే అంతకంటే బాగా తక్కువ వస్తుంది. నికెల్, స్టెయిన్‌లెస్ సున్నాకు దగ్గరలో ఉంటాయి. అల్యూమినియం మీది ఆక్సైడ్ పొరను బట్టి అంకె అటూఇటూ ఊగుతుంది కాబట్టి గరుకు కాగితంతో ఒకసారి గీరి మళ్లీ చూడండి. పరీక్షించిన ముక్కను పరికరంలో వాడొద్దు.

అయస్కాంతం కూడా పనికొస్తుంది గానీ జాగ్రత్త. 304 రేకు అయస్కాంతానికి అంటదు. అదే 304తో చల్లగా కొట్టి చేసిన స్క్రూ కాస్త అంటుతుంది. కొంచెం అంటుకుందని దాన్ని నకిలీ అనుకుని పారేయకండి. గట్టిగా లాగేసుకుంటే మాత్రం అది పూత వేసిన ఉక్కు.

అల్యూమినియం పెట్టెకు రాగి ఎర్త్ తీగ: బిగించే పద్ధతి

ఎక్కువగా పాడయ్యేది ఈ జాయింటే కాబట్టి దీన్ని తీరిగ్గా చూద్దాం. పోత అల్యూమినియం పెట్టె బయట ఎం6 మర ఉన్న బొడిపె ఉందనీ, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ బిగించాలనీ అనుకుందాం.

కావలసినవి: 4 చదరపు మి.మీ. తీగకు సరిపడే కళాయి రాగి రింగ్ లగ్గు, ఎం6 రంధ్రంతో. స్టెయిన్‌లెస్ బోల్టు, ఒక ఫ్లాట్ వాషరు, ఒక స్ప్రింగ్ వాషరు. ఊళ్లో 304, సముద్రతీరంలో 316 రకం తీసుకోండి. జింక్ పొడి కలిపిన అల్యూమినియం జాయింట్ పేస్టు. లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం 30 మి.మీ. నైలాన్ గరుకు ప్యాడ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు ఊడని గుడ్డ, పారదర్శక ఎక్రిలిక్ లాకర్ స్ప్రే.

ముందు తీగ సంగతి. లగ్గు గొట్టంలో తీగ దూర్చి గట్టిగా నొక్కాక, అంటే క్రింప్ చేశాక, గొట్టానికీ ఇన్సులేషన్‌కూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఉత్త రాగి కనిపిస్తుంది. ఆ సందులోంచి నీరు తీగ పోగుల వెంట పాకి మీటర్ల దూరం వెళ్లగలదు. జిగురు హీట్ ష్రింక్ దాన్ని మూయడానికే. వేడి చేసినప్పుడు రెండు చివర్లా జిగురు కొద్దిగా బయటికి ఉబకాలి. ఉబకలేదంటే మూసుకోలేదన్నమాట.

తర్వాత బొడిపె. లగ్గు అరచేయి, అంటే రంధ్రమున్న చదును భాగం, వెడల్పు 12 మి.మీ. ఉంటే 16 మి.మీ. వృత్తం మేర పెయింటు తీసేయండి. ఇక్కడ ఆనోడైజింగ్, అంటే కావాలని పెంచిన ఆక్సైడ్ పొర, ఉంటే అది కూడా పోవాలి, అది ఇన్సులేటర్. అల్యూమినియంను గీరిన కొన్ని క్షణాల్లోనే గాలి తగిలి కొత్త ఆక్సైడ్ కమ్ముతుంది. కాబట్టి ముందు ఆల్కహాల్‌తో తుడిచి, పలుచగా పేస్టు రాసి, ఆ పేస్టు పొర కిందే ప్యాడ్‌తో రుద్దండి. గీరిన లోహానికి గాలి తగలనే తగలదు. నల్లబడిన పేస్టు తుడిచి కొత్తది పలుచగా రాయండి. స్టీల్ పీచు వాడొద్దు, విరిగిన ఇనుప నలుసులు అల్యూమినియంలో దిగబడి చిన్నచిన్న తుప్పు కేంద్రాలవుతాయి. రాగి రుద్దిన ప్యాడ్‌తో అల్యూమినియం రుద్దడం అంతకంటే అన్యాయం.

లగ్గును మాత్రం గీరకండి. కళాయి కొన్ని మైక్రాన్ల మందమే, గీరితే కింది రాగి తేలుతుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

బొడిపె మీద లగ్గు, దాని మీద ఫ్లాట్ వాషరు, దాని మీద స్ప్రింగ్ వాషరు, పైన బోల్టు తల. లగ్గుకూ అల్యూమినియంకూ మధ్య వాషరు పెట్టే అలవాటు చాలామందికి ఉంది. కరెంటు వెళ్లాల్సిన దారిలో స్టెయిన్‌లెస్ పెట్టడం అనవసరం. మరకు కూడా కొద్దిగా పేస్టు రాయండి, లేకపోతే స్టెయిన్‌లెస్, అల్యూమినియం పట్టేసుకుని తర్వాత బోల్టుతోపాటు మర కూడా ఊడొస్తుంది. మరలు పట్టేయకుండా రాసే, రాగిపొడి కలిపిన యాంటీసీజ్ గానీ గ్రాఫైట్ గ్రీజు గానీ ఇక్కడ పనికిరావు. రాగి సంగతి పైన చూశాం. గ్రాఫైట్ కూడా అల్యూమినియం పక్కన బలమైన కాథోడ్ లాగే ప్రవర్తిస్తుంది.

బిగింపుకు తయారీదారు అంకె ఇస్తే అదే. ఇవ్వకపోతే పేస్టు రాసిన ఎం6 బోల్టుకు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. పొడి మరకు ఇచ్చిన అంకెను జారే మరకు వాడితే బోల్టు అనుకున్నదానికంటే ఎక్కువగా సాగుతుంది.

ఇప్పుడు కొలత. మామూలు మల్టీమీటరు ఓమ్స్ రేంజ్ ఇక్కడ అక్కరకు రాదు, దాని తీగల నిరోధమే పదో వంతు ఓమ్ పైన ఉంటుంది. బెంచ్ పవర్ సప్లై నుంచి 5 ఆంపియర్లు లగ్గులోంచి పెట్టెలోకి పంపి, లగ్గు అరచేతికీ పక్కనున్న అల్యూమినియంకూ మధ్య మిల్లీవోల్టులు చూడండి. ప్రోబులను కరెంటు క్లిప్పుల మీద కాకుండా విడిగా పట్టించాలి. 12.5 మిల్లీవోల్టులు వస్తే 2.5 మిల్లీఓమ్‌లు. మంచి బాండింగ్‌కు, అంటే లోహాన్ని లోహానికి కరెంటు పారేలా కలపడానికి, పాతకాలం నుంచి వాడుతున్న హద్దు అదే. కొత్త జాయింటు దీనికి చాలా దిగువన ఉండాలి. అంకెను మార్కర్‌తో పెట్టె లోపల రాసి పెట్టండి.

చివరికి పూత. లగ్గు, బోల్టు తల, చుట్టూ 10 మి.మీ. మేర అల్యూమినియం, అన్నీ కప్పేలా లాకర్ రెండు పొరలు కొట్టండి. రంగు పెయింటు కంటే పారదర్శక లాకరే మేలు. కింద తెల్లపొడి మొదలైతే విప్పకుండానే కనబడుతుంది.

సోలార్ ప్యానెల్ ఫ్రేములకూ ఇదే పద్ధతి. ఉత్త రాగి తీగను అల్యూమినియం ఫ్రేము బోల్టు కింద చుట్టి బిగించడం డాబాల మీద కళ్లారా కనిపించే తప్పు. అక్కడ కళాయి లగ్గు, ఆనోడైజింగ్‌ను గుచ్చుకునే స్టెయిన్‌లెస్ స్టార్ వాషరు వాడండి. జీఐ స్ట్రక్చర్ మీద అల్యూమినియం ఫ్రేము కూర్చుంటే అంత ఇబ్బంది లేదు, కరిగేది జింకే, అల్యూమినియం కాదు.

కనెక్టర్లు, బోర్డులు

బంగారు పూత పిన్నును తగరం పూత సాకెట్లో గుచ్చకండి. తేడా 0.65 వోల్టులు. దానికితోడు, ఫ్యాను అదురుకో ఎండవేడికో పిన్ను మైక్రాన్ల మేర కదిలినప్పుడల్లా తగరం ఆక్సైడ్ రాలి సందులో చేరుతుంది. బంగారానికి బంగారం, తగరానికి తగరం, అంతే. పాత కంప్యూటర్లలో 72 పిన్నుల సిమ్ (SIMM, ఫోను సిమ్ కాదు) మెమరీ పట్టీలకు ఇదే గొడవ ఉండేది. ఇప్పటికీ బోర్డు మీద ఒక కంపెనీ హెడరూ కేబులుకు ఇంకో కంపెనీ సాకెట్టూ కొన్నప్పుడు అదే పొరపాటు దొర్లుతుంది. ఆర్డరు పెట్టేముందు రెండింటి పూతా డేటాషీట్‌లో చూడండి.

బంగారం పూతలోనూ తరతమాలున్నాయి. ఫ్లాష్ గోల్డ్ అనేది 0.05 నుంచి 0.1 మైక్రాన్లే, సూక్ష్మరంధ్రాల మయం. ఆ రంధ్రాల్లోంచి తేమ దిగితే బంగారం పెద్ద కాథోడ్, కింది నికెల్, రాగి చిన్న ఆనోడ్. పైన చెప్పిన చెడ్డ లెక్కే మళ్లీ. ఉప్పుగాలిలో పెట్టే పరికరానికి 0.76 మైక్రాన్ల గట్టి బంగారం, దాని కింద కనీసం 1.27 మైక్రాన్ల నికెల్ అడగండి. ర్యామ్ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర ప్రతి రిపేరు షాపులో ఉన్న వైద్యం. పలుచటి పూత మీద అది రోగాన్ని కొని తెచ్చుకోవడమే. ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో ఒకే దిశలో తుడవండి.

బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్, అంటే తేమ తగలకుండా కప్పే పలుచటి పూత, వేసేటప్పుడు మందం కంటే ముందు శుభ్రత ముఖ్యం. సోల్డరింగ్‌లో వాడే ఫ్లక్స్ మరకలూ వేలిముద్రల ఉప్పూ లోపల ఉండగా పూత వేస్తే తేమ మెల్లగా దాని గుండా దిగి అక్కడే పొక్కులు లేపుతుంది. కడిగి, ఆరబెట్టి, ఎక్రిలిక్ అయితే 30 నుంచి 130 మైక్రాన్లు, సిలికోన్ అయితే 50 నుంచి 210 మైక్రాన్లు వేయండి. కనెక్టర్ల నోళ్లకు, బోర్డును చాసిస్‌కు కలిపే స్క్రూ ప్యాడ్లకు ముందే టేపు అంటించాలి.

నీటికి దారి లేకుండా

ధూళినీ నీటి ధారనూ ఆపే ఐపీ65 పెట్టె కొన్నాం కదా అని ధీమాగా ఉంటే లాభం లేదు. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి సంకోచించినప్పుడు ఏ సందులోంచో తేమగాలిని లోపలికి పీలుస్తుంది. లోపలికొచ్చిన తేమ అక్కడే బొట్లు కడుతుంది. కింది ముఖానికి గాలి ఆడనిచ్చి నీటిని ఆపే పొరతో ఉన్న వెంట్ ప్లగ్గు ఒకటి బిగిస్తే ఒత్తిడి సమమవుతుంది. కేబులు పెట్టెలోకి దూరేచోట బిగించే గ్లాండులన్నీ కిందికి, ప్రతి కేబులూ గ్లాండు కంటే దిగువకు వంగి మళ్లీ పైకి వచ్చేలా ఉండాలి.

రాగి సామాను పైన, అల్యూమినియం గానీ జీఐ గానీ కింద పెట్టొద్దు. రెండూ తాకకపోయినా సరే. రాగి మీంచి జారిన నీటిలో కరిగిన రాగి కింది లోహం మీద పేరుకుని అక్కడికక్కడే వందల చిన్న జంటలను పుట్టిస్తుంది. ఎర్త్ బస్‌బారును పెట్టె అడుగు భాగాన పెట్టడం ఈ ఒక్క కారణానికైనా మంచిది.

సందులు మూయడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే చవక సిలికోన్ ట్యూబును వాసన చూసి కొనండి. వెనిగర్ వాసన వస్తే అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం. మూసిన పెట్టెలో ఆ ఆవిరి రాగినీ జింక్ పూతనూ తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే వాడాలి.

పాడైనదాన్ని చూసి జబ్బు పట్టడం

తెల్లపొడి ఉంటే అల్యూమినియమో జింకో కరుగుతోంది. ఎర్రగా, గోధుమరంగుగా ఉంటే ఇనుము. ఆకుపచ్చ చిలుము అయితే రాగి, ఇత్తడి. జీఐ మీద ముందు తెల్లపొడి వచ్చి, జింక్ అయిపోయాక ఎరుపు తేలుతుంది. తెల్లగా ఉండగానే పట్టుకుంటే భాగం దక్కుతుంది.

ఒక్కోసారి పట్టికకు ఎదురు జరుగుతుంది. రాగి సన్నబడిపోయి, పక్కనున్న తగరం క్షేమంగా కనిపిస్తుంది. అప్పుడది గాల్వానిక్ తుప్పు కాదు. తడి మీదుగా డీసీ లీకేజీ పారి ప్లస్ వైపు లోహాన్ని కరిగిస్తోంది. ఎప్పుడూ ప్లస్ టెర్మినలే పోతుంటే లోహాలు మార్చి ప్రయోజనం లేదు, తడిని ఆపి, లీకేజీ దారిని శుభ్రం చేయాలి. టెలిఫోన్ వ్యవస్థలో 48 వోల్టుల సప్లైకి ప్లస్‌ను ఎర్త్ చేసి మైనస్‌ను లైనుకు ఇవ్వడం వెనకున్న ఆలోచన కూడా ఇదే. లైనులోని రాగి నేల కంటే మైనస్‌లో ఉంటే తడిలో కరగదు.

టవర్ల దగ్గర కంటికి ఏమీ కనబడకుండానే దెబ్బ తగలొచ్చు. తుప్పు పొర పట్టిన బోల్టు డయోడ్ లాగా పనిచేసి రెండు బలమైన సిగ్నళ్లను కలిపి మూడోదాన్ని పుట్టిస్తుంది. 935, 960 మెగాహెర్ట్జ్ సిగ్నళ్లు పక్కపక్కన వెళ్తుంటే, మొదటిదాని రెట్టింపులోంచి రెండోది తీసేస్తే 910 వస్తుంది. అది ఫోన్ల నుంచి టవర్‌కు వచ్చే 890–915 బ్యాండు లోపలే పడుతుంది. రేడియో మార్చేముందు యాంటెన్నా క్లాంపులు, ఎర్త్ కిట్లు, దగ్గరలోని వదులు గొలుసులు చూడండి.

బాగుచేసేటప్పుడు సప్లై తీసేసి, ఇన్వర్టరైతే తయారీదారు చెప్పినంతసేపు కెపాసిటర్లు ఖాళీ అవ్వనిచ్చి, సోలార్ అయితే డీసీ ఐసొలేటరు, అంటే ప్యానెళ్ల కరెంటును తెంచే స్విచ్చు, కూడా ఆఫ్ చేసి మొదలుపెట్టండి. ప్యానెళ్లు ఎండలో ఉన్నంతసేపూ తీగల్లో వోల్టేజీ ఉంటుంది. పొడిని నైలాన్ బ్రష్‌తో దులిపి, డిస్టిల్డ్ నీళ్లతో రెండుసార్లు కడగండి. ఉప్పు ఆల్కహాల్‌లో సరిగా కరగదు, నేరుగా ఆల్కహాల్‌తో తుడిస్తే క్లోరైడు గుంటల్లోనే మిగిలి మళ్లీ మొదలవుతుంది. నీళ్ల తర్వాత ఆల్కహాల్, అది ఆరడానికి. బొడిపె మీద గుంట లగ్గు కిందికి పాకి ఉంటే ఆ చోటు వదిలేసి కొత్త చోట మర కోయండి. కళాయి ఊడిన లగ్గును మళ్లీ వాడొద్దు, కొత్తది కొని క్రింప్ చేయండి.

తనిఖీ తీరప్రాంతంలో వర్షాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి. అదే 5 ఆంపియర్లు పంపి, పెట్టె లోపల రాసుకున్న అంకెతో పోల్చండి. రెట్టింపైతే 2.5 మిల్లీఓమ్‌ల హద్దు దాటకపోయినా విప్పి చూడండి. బిగువు చూద్దామని బోల్టును ఊరికే ఇంకో పావు తిప్పు తిప్పకండి. లాకర్ పగులుతుంది, ఆ పగులులోంచే నీరు దిగుతుంది. తిప్పాల్సి వస్తే మొత్తం విప్పి, పేస్టు నుంచి లాకర్ దాకా మళ్లీ చేయండి.